గ్రాఫీన్ సంగతి తర్వాత, ముందు మీ కేబుల్ చూడండి

"ట్రాన్సిస్టర్ టెరాహెర్ట్జ్ డిటెక్టర్ సెన్సిటివిటీ పెరగాలంటే గేటు ఇంకా చిన్నది చేయాలా, గ్రాఫీన్‌కి మారాలా?" అని ఒకరు అడిగారు. (టెరాహెర్ట్జ్ అంటే మైక్రోవేవ్‌కీ ఇన్‌ఫ్రారెడ్‌కీ మధ్య తరంగాలు; గేటు అంటే ట్రాన్సిస్టర్‌లో కరెంటుని అదుపుచేసే భాగం; గ్రాఫీన్ అంటే ఒక్క అణువు మందం కార్బన్ పొర.) నన్నడిగితే రెండూ వద్దు.

పీహెచ్‌డీ రెండో ఏడాది మాట. గేట్ వోల్టేజీని త్రెషోల్డ్ (ట్రాన్సిస్టర్ ఆన్ అయ్యే వోల్టేజీ) కిందకి దించితే సిగ్నల్ పెరగాలి, మాకేమో పడిపోతోంది. మా సీనియర్ అన్న వచ్చి "ఏంట్రా, స్టాటిక్‌తో గేటు కాల్చేశావా?" అన్నాడు. అంతకుముందు రెండు కాల్చిన చరిత్ర నాది, నోరెత్తలేదు. వారం టెన్షన్ పడ్డాక తెలిసింది, దొంగ రెండు మీటర్ల కోయాక్స్ కేబుల్. త్రెషోల్డ్ కింద ఛానల్ (గేటు కింద కరెంటు పారే దారి) రెసిస్టెన్స్ 5 మెగాఓమ్‌లు, కేబుల్ కెపాసిటెన్స్ 200 పికోఫారడ్‌లు. రెండూ కలిస్తే వేగంగా మారే సిగ్నల్‌ని అణిచేస్తాయి. చాపర్ (బీమ్‌ని ఆపుతూ వదులుతూ తిరిగే చక్రం) 1.2 కిలోహెర్ట్జ్‌లో తిరుగుతుంటే సిగ్నల్ అక్కడే చచ్చిపోతోంది. చాపర్‌ని 77 హెర్ట్జ్‌కి తగ్గించగానే దాదాపు ఏడు రెట్లు లేచింది.

స్వీట్లు పంచేశాను కూడా. ఇల్లు అలకగానే పండగా? నాయిస్ కొలిస్తే అదీ అంతే పెరిగింది! 5 మెగాఓమ్‌ల థర్మల్ నాయిస్సే రూట్ హెర్ట్జ్‌కి 290 నానోవోల్టులు. దాన్నీ ఇన్నాళ్లూ ఆ కేబులే తొక్కిపెట్టింది. గేటుని త్రెషోల్డ్ దగ్గరికి తెచ్చి రెసిస్టెన్స్‌ని 100 కిలోఓమ్‌లకి దించితే సిగ్నల్ సగమైంది, నాయిస్ మాత్రం ఏడో వంతుకి పడింది. సెన్సిటివిటీ అంటే ఇది. వోల్ట్ పర్ వాట్ (పడిన పవర్‌కి ఎంత సిగ్నల్ వచ్చిందో) ఒక్కటే చూసి మురిసిపోకండి.

అసలు లాభం లెన్స్‌తో వచ్చింది. 1 టెరాహెర్ట్జ్ తరంగం పొడవు 300 మైక్రాన్లు, గేటు మైక్రాన్ కూడా ఉండదు. మధ్యలో యాంటెన్నా లేకపోతే పని జరగదు. యాంటెన్నా చూపేమో ఎక్కువగా చిప్ అడుగున ఉన్న సిలికాన్ వైపే. దాని రిఫ్రాక్టివ్ ఇండెక్స్ (వక్రీభవన గుణకం) 3.4, అందుకే చిప్ వెనక సిలికాన్ లెన్స్ అతికించి అటునుంచే బీమ్ కొట్టాలి. మేం అతికించిన రోజు ట్రాన్సిస్టర్‌ని ముట్టుకోనే లేదు, సిగ్నల్ మాత్రం స్కేలు దాటింది. ట్రాన్సిస్టర్ టెరాహెర్ట్జ్‌ని ఎలా పట్టుకుంటుందో చెప్పే, డ్యాకొనోవ్, షుర్ 1996లో రాసిన ప్లాస్మా తరంగాల సిద్ధాంతాన్ని అందరూ బట్టీపడతారు, లెన్స్ అతికించడం ఎవరూ నేర్పరు.

గ్రాఫీన్‌కి బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్లు దాటాల్సిన శక్తి అంతరం) లేదు, ఛానల్ పూర్తిగా ఆఫ్ అవదు. సిలికాన్‌తో పోలిస్తే రెస్పాన్స్ తక్కువే. అయినా పేపర్లలో అంకెలు అదిరిపోతాయి. ఎలాగంటారా? బీమ్ మొత్తం పవర్‌ని వదిలేసి, బుల్లి డివైస్ మీద పడిన ముక్కతోనే భాగిస్తారు. పేపర్ చదివేటప్పుడు ముందు ఆ ఏరియా ఎంత తీసుకున్నారో వెతకండి, చాలాసార్లు సప్లిమెంటరీ (పేపర్ అనుబంధం)లో ఏడో పేజీలో దాక్కుని ఉంటుంది.