అమ్మలూకి పిన్ని ఉత్తరం: ఐర్లండ్ పౌరసత్వానికి రోజుల లెక్క

చిరంజీవి అమ్మలూకి,

పిన్ని ఆశీస్సులు. నీకు ఇక్కడ ఉద్యోగానికి కావలసిన క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ వచ్చిందని అక్క ఫోన్ చేసినప్పుడు మీ బాబాయీ నేనూ ఎంత సంబరపడ్డామో చెప్పలేను. అయితే అదే ఫోన్‌లో అక్క ఇంకో మాట అంది. "2022లో వెళ్ళింది కదా, 2027కి ఐదేళ్ళు నిండుతాయి, ఐర్లండ్ పాస్‌పోర్టు వచ్చేస్తుందట" అని. 2027కి రాదమ్మా. ఈ సంగతి ఇప్పుడే తెలియడం మంచిది. దాని మీద ఆశ పెట్టుకుని ఇల్లు, పెళ్ళి, పిల్లలు అన్నీ ప్లాన్ చేసుకున్నాక తెలిస్తే చాలా బాధగా ఉంటుంది.

ఐదేళ్ళంటే ఇక్కడ దిగిన రోజు నుంచి ఐదేళ్ళు కాదు. ఇక్కడ ఉండే అనుమతుల్లో ఒక్కో రకానికి ఒక్కో స్టాంప్ నంబరు ఉంటుంది కదా, అందులో స్టాంప్ 2 మీద చదువుకున్న కాలం లెక్కలోకి రాదు. మాస్టర్స్ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ స్టాంప్ 1జి రెండేళ్ళూ రావు. ఆ రెండేళ్ళూ ఉద్యోగం చేసి పన్నులు కట్టినా సరే, రావు. నీ లెక్క మొదలయ్యేది పర్మిట్ మీద స్టాంప్ 1 పడిన రోజు నుంచి, అంటే 2025 అక్టోబర్ నుంచి. అన్నీ సవ్యంగా సాగితే 2030 అక్టోబర్‌లో అప్లై చేస్తావు. మధ్యలో 2028 లీపు సంవత్సరం ఉంది కాబట్టి 1,826 రోజులు చూపించాలి. ఈ ఐదేళ్ళను చట్టం ఇలా విడదీస్తుంది: అప్లికేషన్‌కు ముందున్న ఒక ఏడాది తెగకుండా ఉండాలి, దానికి ముందు ఎనిమిదేళ్ళలో మొత్తం నాలుగేళ్ళు ఉండాలి.

పర్మిట్ మీద 21 నెలలు పనిచేశాక స్టాంప్ 4 వస్తుంది. దానికోసం మాత్రం ఆత్రపడు, తప్పులేదు. అది వచ్చాక ఏ కంపెనీలోనైనా పర్మిట్ లేకుండా పనిచేసుకోవచ్చు. పౌరసత్వానికి స్టాంప్ 1 రోజులూ స్టాంప్ 4 రోజులూ ఒకటే.

ఇక రోజులు ఎక్కడ జారిపోతాయో చెబుతాను, ఇది శ్రద్ధగా చదువు. ఐఆర్‌పీ కార్డు (ఇక్కడ ఉండే అనుమతి చూపే కార్డు) మీద గడువు తేదీ ఉంటుంది కదా. మా లూకన్‌లోనే ఒకబ్బాయి కార్డు మార్చి 10న అయిపోయింది. ఆఫీసులో పని ఒత్తిడిలో పడి రెన్యువల్ ఆలస్యం చేశాడు. కొత్త అనుమతి ఏప్రిల్ 2 నుంచి ఇచ్చారు. మధ్యలో ఆ 22 రోజులూ అతను ఇక్కడే ఉన్నాడు, రోజూ ఆఫీసుకు వెళ్ళాడు, జీతం తీసుకున్నాడు. కానీ పౌరసత్వం లెక్కలో ఆ రోజులు లేవు. ఐదేళ్ళు అయిపోయాయనుకుని పంపితే అప్లికేషన్ తిరిగొచ్చేది, వెబ్‌సైట్‌లో ఉండే రెసిడెన్సీ కాలిక్యులేటర్‌లో తేదీలు కొట్టి చూసుకున్నాడు కాబట్టి బతికిపోయాడు. నువ్వు గడువుకు చాలా వారాల ముందే ఆన్‌లైన్‌లో రెన్యువల్ పెట్టు. 300 యూరోలు కడుతున్నాం, కార్డు వచ్చేసింది అని సంబరపడి కవర్లో పెట్టెయ్యకు. పాత కార్డు ఆఖరి తేదీ, కొత్త అనుమతి మొదటి తేదీ పక్కపక్కన పెట్టి చూడు. ప్రతి కార్డునూ రెండు వైపులా ఫోటో తీసి దాచు, ఎందుకంటే కొత్తది వచ్చాక పాతది వెనక్కి ఇచ్చెయ్యమంటారు.

ఆఖరి ఏడాది ప్రయాణాల సంగతి ఇంకోటి. 2019 జూలైలో ఇక్కడి హైకోర్టు, "తెగకుండా ఉండటం అంటే ఆ ఏడాదిలో ఒక్క రోజు కూడా దేశం దాటకూడదు" అని తీర్పు చెప్పింది. ఊళ్ళో అమ్మానాన్నలకు ఒంట్లో బాగోకపోయినా వెళ్ళలేమా అని మనవాళ్ళందరికీ ఒకటే టెన్షన్. నవంబర్‌లో అప్పీల్ కోర్టు దాన్ని కొట్టేసింది. తర్వాత 2023లో చట్టంలోనే స్పష్టంగా రాశారు: ఆ ఏడాదిలో 70 రోజుల వరకు బయట ఉండొచ్చు, తప్పనిసరి పరిస్థితుల్లో మరో 30 రోజులు ఇవ్వొచ్చు. 70 అంటే చాలా అనిపిస్తుంది కానీ సంక్రాంతికి నెల, ఎవరిదైనా పెళ్ళికి నెల వెళ్తే ఇంచుమించు అయిపోయినట్టే. తెనాలిలో కూర్చుని రెండు నెలలు వర్క్ ఫ్రమ్ హోమ్ చేద్దామనే ఆలోచన ఆ ఏడాది పెట్టుకోకు.

కాగితాలు ఏడాదికి ఆ ఏడాదే సర్దుకో. నివాసం రుజువుకు స్కోర్ కార్డు పద్ధతి ఉంది, ప్రతి సంవత్సరానికి 150 పాయింట్ల పత్రాలు చూపించాలి. ఇక్కడి పన్నుల శాఖ రెవెన్యూ వాళ్ళ మైఅకౌంట్‌లో వచ్చే ఎంప్లాయ్‌మెంట్ డీటెయిల్ సమ్మరీ, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కరెంటు బిల్లు, అద్దె కాగితాలు, ఇలాంటివి. నలుగురమ్మాయిలు కలిసి ఉండే ఇంట్లో అన్ని బిల్లులూ ఒకరి పేరు మీదే ఉంటాయి. కనీసం ఒక్కటైనా నీ పేరు మీదకు మార్పించుకో. జనవరి రాగానే పోయిన ఏడాదివన్నీ డౌన్‌లోడ్ చేసి ఒక ఫోల్డర్‌లో వెయ్యి. ఐదేళ్ళ తర్వాత పాత ఇంటి ఓనరు చుట్టూ తిరగాల్సిన పని ఉండదు.

ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు నీ బర్త్ సర్టిఫికెట్ తీసి చూడు. మన వైపు చాలామందికి అందులో బిడ్డ పేరే ఉండదు, తల్లిదండ్రుల పేర్లు మాత్రమే ఉంటాయి. ఉన్నా, ఇంటిపేరు ఒక చోట ఇనిషియల్, ఒక చోట పూర్తిగా, పాస్‌పోర్టులో ఇంకో స్పెల్లింగు. ఇక్కడి ఆఫీసర్‌కి మన ఇంటిపేర్ల వ్యవహారం ఏం తెలుస్తుంది? మీసేవలోనో మున్సిపల్ ఆఫీసులోనో పేరు చేర్పించి, స్పెల్లింగు పాస్‌పోర్టుతో కలిసేలా సరిచేయించు. బావగారు దగ్గరుండి చేయిస్తారు, అడుగు.

ప్రవర్తన కూడా చూస్తారు. గార్డా వెట్టింగ్, అంటే ఇక్కడి పోలీసుల తనిఖీ, ఉంటుంది. స్పీడింగ్ ఫైన్ లాంటివి ఉంటే దాచకుండా రాయాలి. చిన్న ఫైన్ కంటే దాన్ని దాచడమే పెద్ద తప్పవుతుంది. ఇంకో మాట, వీకెండ్‌కి జెయింట్స్ కాజ్‌వే చూసొద్దాం రమ్మని స్నేహితులు పిలుస్తారు. అది నార్తర్న్ ఐర్లండ్, అంటే యూకే. రోడ్డు మీద గేటు కనపడదు, ఎవరూ ఆపరు, కానీ భారత పాస్‌పోర్టు మీద వీసా లేకుండా వెళ్ళడం చట్టవిరుద్ధం. అందరూ వెళ్తున్నారు కదా అనుకోకు. పౌరసత్వం ఇచ్చే విషయంలో చట్టం న్యాయశాఖ మంత్రికి పూర్తి విచక్షణ ఇచ్చింది, అర్హతలన్నీ ఉన్నా ఇచ్చి తీరాలని లేదు.

ఏజెంట్ల జోలికి వెళ్ళకు. అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే, ఫీజు 175 యూరోలు, అది తిరిగి రాదు. మంజూరైతే మరో 950. అంతకు మించి ఎవరు అడిగినా ఎందుకని నిలదియ్యి. డబ్బు పెడితే పాస్‌పోర్టు అనే మాటలూ నమ్మకు. ఇక్కడి ఇన్వెస్టర్ స్కీము 2023 ఫిబ్రవరిలో మూసేశారు, సైప్రస్ వాళ్ళు 2020లోనే ఆపేశారు, మాల్టా పద్ధతి చెల్లదని 2025 ఏప్రిల్‌లో యూరోపియన్ యూనియన్ కోర్టు చెప్పింది.

పిల్లల గురించి అక్క నిన్ను అడగలేక నన్ను అడిగింది. ఇక్కడ పుట్టినంత మాత్రాన ఐరిష్ పౌరులు అయిపోరు, 2005 నుంచి ఆ పద్ధతి లేదు. పుట్టడానికి ముందు నాలుగేళ్ళలో తల్లికో తండ్రికో లెక్కలోకి వచ్చే మూడేళ్ళ నివాసం ఉండాలి. దీనికోసం మాత్రం బిడ్డను వాయిదా వేసుకోకండి. ముందే పుడితే భారత పాస్‌పోర్టుతో పెరుగుతుంది, తర్వాత దారి ఉంది.

ఇప్పుడు అసలు కష్టమైన మాట. ఐర్లండ్ రెండు పౌరసత్వాలు ఒప్పుకుంటుంది, మన దేశం ఒప్పుకోదు. పౌరసత్వ ప్రమాణం చేసి ఐరిష్ పౌరురాలివైతే భారత పౌరసత్వం దానంతట అదే పోతుంది. కిల్లార్నీ హాల్లో వందల మందితో కలిసి నిలబడి, ఐరిష్ జాతికి విశ్వాసంగా, ఈ రాజ్యానికి విధేయంగా ఉంటానని చెప్పినప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషమూ ఉంది, బాధా ఉంది. ఆ రోజు తర్వాత భారత పాస్‌పోర్టు మీద ప్రయాణం చేస్తే నేరం. కాబట్టి ప్రమాణం అయిన వెంటనే ఇండియాకి టికెట్లు బుక్ చెయ్యకు. ముందు ఐరిష్ పాస్‌పోర్టు రావాలి, తర్వాత ఎంబసీ ద్వారా భారత పాస్‌పోర్టు సరెండర్ చెయ్యాలి, ఆ తర్వాత ఓసీఐ, అంటే విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్ళకు మన దేశం ఇచ్చే కార్డు.

ఓసీఐ ఉంటే ఎన్నాళ్ళైనా ఊళ్ళో ఉండొచ్చు. ఓటు ఉండదు, ప్రభుత్వ ఉద్యోగం ఉండదు, వ్యవసాయ భూమి కొనకూడదు. బావగారు పొలం నీకు గిఫ్ట్ డీడ్ రాస్తానంటున్నారని విన్నాను. అది కుదరదు, ఎన్నారైగా ఉన్నప్పుడు కూడా కుదరదు. వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. తెనాలిలో మంచి లాయర్‌ని కలిసి వీలునామా రాయించమని ఆయనకు నువ్వే చెప్పు. నేను చెబితే బాగుండదు.

ఇక్కడి పాస్‌పోర్టు తీసుకుని లండన్ వెళ్ళిపోవాలనే ఆలోచన అల్లుడికి ఉందని తెలుసు. వెళ్ళొచ్చు, ఐరిష్ పౌరులకు యూకేలో వీసా లేకుండా ఉండే హక్కు, పనిచేసే హక్కు ఉన్నాయి. కానీ నేచురలైజేషన్‌తో, అంటే మనలా అప్లై చేసుకుని పౌరులైన వాళ్ళు, దేశం బయట ఉంటే పౌరసత్వం నిలుపుకుంటామని ఏటా డిక్లరేషన్ ఇవ్వాలి. అలా ఇవ్వకుండా వరుసగా ఏడేళ్ళు బయట ఉంటే రద్దు చేసే అధికారం మంత్రికి ఉంది. ఈ విషయం చాలామందికి తెలియదు.

రూల్స్ మారుతూ ఉంటాయి. 2030లో అప్లై చేసే ముందు ఇమిగ్రేషన్ వాళ్ళ సొంత వెబ్‌సైట్ మళ్ళీ మొదటి నుంచి చదువు, వాట్సాప్ గ్రూపుల్లో రాసింది కాదు.

వచ్చే ఆదివారం ఇద్దరూ భోజనానికి రండి. ఇప్పటిదాకా ఉన్న కార్డులన్నిటి ఫోటోలు, పాస్‌పోర్టులు తీసుకురా, మీ ఇద్దరి తేదీలూ విడివిడిగా రాసి పెడదాం. అల్లుడికి గోంగూర పచ్చడి సీసా కూడా పక్కన పెట్టాను.

ఆశీస్సులతో,
పిన్ని