మాది త్రీ ఫేజ్ కనెక్షన్. గీజర్ వేస్తే హాల్ లైట్లు డిమ్, బెడ్‌రూమ్ లైట్లు బ్రైట్ ఎందుకు?

ఇది న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) లూజ్. మీది త్రీ ఫేజ్ కనెక్షన్ అన్నారు కాబట్టి న్యూట్రల్ పూర్తిగా ఊడితే 230 వోల్టుల ఫ్రిజ్ మీదికి 400 దాకా రావచ్చు.

1. వెంటనే మెయిన్ ఆపి టీవీ, ఫ్రిజ్ ప్లగ్గులు పీకేయండి.

2. చాలామంది టెస్టర్ వెలిగింది కదా అని వదిలేస్తారు. అది ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) సంగతే చెబుతుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మెయిన్ వేయించి, గీజర్ నడుస్తుండగా డీబీలో (ఇంట్లో ఎంసీబీలు ఉండే బోర్డు) ప్రతి ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య మల్టీమీటర్‌తో కొలిపించండి. లోడ్ లేకపోతే అన్నీ మామూలుగానే కనిపిస్తాయి, అక్కడే మోసపోతాం. ఒకటి 180, ఇంకోటి 270 చూపిస్తే దొరికినట్టే.

3. మళ్లీ మెయిన్ ఆపి న్యూట్రల్ లింక్ (న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీ) స్క్రూలు చూడమనండి. మా కూకట్‌పల్లి ఫ్లాట్‌లో వైరు కొస బొగ్గులా మాడిపోయింది. అలా ఉంటే బిగిస్తే చాలదు, కొస కత్తిరించి కొత్తగా కలపాలి.

4. పక్క ఫ్లాట్లలోనూ ఇదే గోలైతే తప్పు కింద మీటర్ల దగ్గరో స్తంభం మీదో. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి.