ఓఆర్‌ఎస్‌లో ఆ ఉప్పు ఎందుకు?

ప్రశ్న: మా బాబుకి ఏడాదిన్నర. పోయిన నెల నీళ్ల విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ ఉప్పగా ఉందని ఉమ్మేశాడు. గ్లూకోజు నీళ్లయితే గటగటా తాగాడు. మళ్లీ వస్తే అవే పట్టొచ్చా? ప్యాకెట్టులో సగం పొడి గ్లాసులో కలిపితే తప్పా?
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: గ్లూకోజు నీళ్లు ఒక్కటే చాలవమ్మా. నేను హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు, రెండు రోజులు ఉత్త గ్లూకోజు నీళ్లే తాగిన పాపను ఫిట్స్‌తో తీసుకొచ్చారు. రక్తంలో సోడియం (ఉప్పు నుంచి మనకందేది) బాగా పడిపోయింది. పాప బతికింది. కానీ “బాగానే తాగించానండీ” అని ఆ తల్లి ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తే.

విరేచనంలో నీళ్లతో పాటు సోడియం, పొటాషియం, క్లోరైడ్, బైకార్బొనేట్ అయాన్లు (నీళ్లలో కరిగి విద్యుదావేశంతో ఉండే లవణాల కణాలు) కూడా పోతాయి. పేగు గోడలోని కణాలకు ఒక తలుపు లాంటిది ఉంటుంది. రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజు అణువు జతగా వస్తేనే వాటిని లోపలికి రానిస్తుంది. నీరు వాటి వెంటే వెళ్తుంది. కలరాలో కూడా ఈ తలుపు పనిచేస్తూనే ఉంటుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులున్న పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం ఉప్పు, గ్లూకోజు, వంట సోడా కలిపిన నీళ్లు తాగించింది. నూటికి 30 దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి తగ్గాయి.

ఇప్పటి ఓఆర్‌ఎస్‌లో సోడియం, గ్లూకోజు సమానం: లీటరుకు 75 మిల్లీమోల్స్ (బరువు కాదు, కణాల సంఖ్యను చెప్పే కొలత) చొప్పున. పొటాషియం కూడా ఉంటుంది. ఒంట్లో అది తగ్గితే మెడ వాలిపోతుంది, పేగులు కదలక పొట్ట ఉబ్బుతుంది. అది చూసి “అరగలేదు” అని పాలు మానిపించే ఇళ్లు చాలా చూశాను. దయచేసి మానిపించకండి.

సగం పొడి కంటికి సగంలా కనిపిస్తుందే గానీ, లోపలి ఉప్పు, గ్లూకోజు సరిగ్గా సగం పడవు. చిక్కగా కలిస్తే సోడియం పెరిగి అదీ ప్రమాదమే. లీటరు ప్యాకెట్టయితే లీటరు నీళ్లలో, 200 మి.లీ. అని రాసుంటే 200 మి.లీ. నీళ్లలోనే మొత్తం పొడి కలపండి. పంచదార వేయొద్దు. 24 గంటలు దాటితే పారబోయండి. ఉమ్మేస్తే నిమిషానికో చెంచా పట్టండి. వాంతైతే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. తియ్యటి డబ్బా డ్రింకుల పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని 2025 అక్టోబరులో ఆదేశాలొచ్చాయి. అవి వద్దు.

మూత్రం తగ్గినా, కళ్లు గుంటలు పడినా, మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంకో అయాన్‌ను చాలామంది మర్చిపోతారు: జింకు. మీ బాబు వయసుకి రోజుకు 20 మి.గ్రా. మాత్ర, 14 రోజులు. విరేచనాలు మూడో రోజే ఆగినా మాత్ర ఆపకండి.