తగ్గినట్టే తగ్గి తిరగబెట్టే పిల్లి కన్ను

చుక్కలు వేసినన్నాళ్లు బాగుండి, ఆపగానే పిల్లి కన్ను మళ్లీ ఎర్రబడి కారుతోంది, ఏం చేయాలని అడిగారు.

ఇలా తిరగబెడుతుంటే ఎక్కువగా అనుమానించాల్సింది పిల్లుల హెర్పిస్ వైరస్‌ని. చిన్నప్పుడు సోకితే చాలు, నరాల్లో నక్కి జీవితాంతం ఉంటుంది. ఇల్లు మారినా, కొత్త పిల్లి వచ్చినా ఆ టెన్షన్‌కి మళ్లీ లేస్తుంది. ఇక్కడ చెన్నైలో దీపావళి టపాసులు మొదలయ్యాయంటే మా పిల్లి ఎడమ కన్ను సగం మూసేస్తుంది.

మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు మాత్రం వేయకండి. నల్లగుడ్డు మీద పుండు ఉంటే అది లోతుకు దిగి కన్నే పోవచ్చు. ముందు ఫ్లోరెసిన్ పరీక్ష చేయించండి: నారింజ రంగు కాగితపు పట్టీ కంటికి తాకిస్తారు, నీలి లైటులో పుండు ఆకుపచ్చగా మెరుస్తుంది. రెండు నిమిషాల పని. వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లొచ్చు.

హెర్పిసే అయితే డాక్టర్లు ఫామ్‌సైక్లోవిర్ ఇస్తుంటారు. మనం వాడే అసైక్లోవిర్ మాత్రలు పిల్లులకు విషం. హెర్పిస్‌కని పెట్టే లైసిన్ పొడి, నా దృష్టిలో, డబ్బు దండగ.

కారణం హెర్పిస్ కాక క్లమిడియా అనే బ్యాక్టీరియా అయితే డాక్సీసైక్లిన్ మాత్రలు సుమారు 4 వారాలు వాడాలి. కన్ను తేటపడిందని వారానికే ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. మాత్ర వేశాక సిరంజితో కాసిని నీళ్లు పట్టండి, లేదంటే అది అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేస్తుంది. మావాడు సగం నీళ్లు నా చొక్కా మీదే ఉమ్మేసేవాడు.

పర్షియన్ పిల్లి అయితే ఆ చప్పిడి ముఖం వల్లే కాస్త నీరు కారుతుంది. కన్ను ఎర్రబడకపోతే తడిబట్టతో తుడిస్తే సరిపోతుంది.