బోరు నీళ్లకు కుళాయి ధార సన్నబడితే ప్లంబర్‌ని పిలవాలా?

మియాపూర్‌లో ఫ్లాట్, వాడేది బోరు నీళ్లు, వాష్‌బేసిన్ కుళాయి ఒక్కటే సన్నగా వస్తోందన్నారు. ఇప్పుడే పిలవకండి. మిగతా కుళాయిలు బాగుంటే తప్పు చాలావరకు కుళాయి మూతి దగ్గరి జాలీలోనే ఉంటుంది. హైదరాబాద్‌లో చాలాచోట్ల బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి తెల్లటి పొలుసుగా కట్టి రంధ్రాలను మూసేస్తాయి. తాగునీటి కాఠిన్యానికి, అంటే ఈ ఖనిజాల మోతాదుకు, భారతీయ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 పెట్టిన హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే నీరు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటుంది.

జాలీకి గుడ్డ చుట్టి ప్లయర్‌తో మెల్లగా తిప్పితే ఊడొస్తుంది. ముందే సింకు కన్నం మూసేయండి, లోపలి రబ్బరు వాషర్ జారిపోతే అదో టెన్షన్. తెల్ల వెనిగర్‌లో గంటసేపు నానబెట్టండి. బుడగలొస్తే సున్నం కరుగుతున్నట్టే. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, కడిగి, మళ్లీ బిగించండి. షవర్‌కైతే వెనిగర్ పోసిన ప్లాస్టిక్ కవర్ కట్టేస్తే సరి. బాత్‌రూమ్ యాసిడ్ మాత్రం వద్దే వద్దు, మెరుపు పూత పోతుంది.

గీజర్‌లో ఈ పొలుసు ఇంకా గట్టిగా కడుతుంది, నీరు వేడెక్కేకొద్దీ సున్నం పేరుకుంటుంది కాబట్టి. అది కరెంటుతో పని, మెకానిక్‌కే వదిలేయండి.