ఒకే మట్టిలో డీజిల్, సీసం: ముందు దేని పని పట్టాలి?

ప్రశ్న: పాత వర్క్‌షాపు స్థలంలో మట్టిని పరీక్ష చేయిస్తే కిలోకు 10,000 మిల్లీగ్రాముల డీజిల్, దాంతోపాటు సీసం, కాడ్మియం అనే విష లోహాలు ఉన్నట్టు తేలింది. సిమెంటు కలిపి గట్టిపరిస్తే రెండింటి బెడదా ఒకేసారి వదులుతుందా?

జవాబు: వదలదు. అంత నూనె పట్టిన మట్టిలో సిమెంటు సరిగా సెట్ కాదు. పైకి గట్టిపడినట్టున్నా లోపల బలం ఉండదు, వాన పడితే డీజిల్, సీసం రెండూ కిందికి దిగుతాయి. డీజిల్‌ను సూక్ష్మజీవులు తినేస్తాయి. లోహాన్ని తినేది ఏదీ లేదు. కదలకుండా బంధించాలి, లేదా బయటికి తీయాలి. అందుకే ముందు డీజిల్ సంగతి చూడండి, సిమెంటు ఆఖర్న.

అయితే నీటిలో కరిగి ఉన్న కాడ్మియం సూక్ష్మజీవులను చంపుతుంది. కాబట్టి మొదట సున్నంతో పీహెచ్‌ను 7 దగ్గరికి తెచ్చి, మట్టి బరువులో 2 శాతం బయోచార్ (గాలి సరిగా అందకుండా కాల్చి చేసిన బొగ్గు) కలపండి. ఎక్కువ వేస్తే అది డీజిల్‌ను కూడా పట్టేసుకుని సూక్ష్మజీవులకు అందనివ్వదు. తర్వాత ఎరువు. టన్ను మట్టిలో 10 కిలోల డీజిల్ అంటే కార్బన్ దాదాపు 8.5 కిలోలు. కార్బన్, నత్రజని, భాస్వరం 100:10:1 పాళ్లలో లెక్కేస్తే నత్రజని 850 గ్రాములు, అంటే సుమారు 1.85 కిలోల యూరియా. భాస్వరం 85 గ్రాములు. యూరియా మొత్తం ఒకేసారి వేయొద్దు, అమ్మోనియా పెరిగి సూక్ష్మజీవులే చస్తాయి. నాలుగు విడతలు చేయండి. ప్లాస్టిక్ షీటు మీద మట్టిని 30 సెంటీమీటర్ల మందాన పరిచి, వారానికోసారి తిరగేయండి. పిడికిట బిగిస్తే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. నెలలు పడుతుంది, తొందరపడి మధ్యలో సిమెంటు కలిపితే పీహెచ్ 12 దాటి ఉన్న సూక్ష్మజీవులూ పోతాయి.

ప్రశ్న: హైడ్రోజన్ పెరాక్సైడ్, ఇనుప లవణం కలిపి చూశాం. డీజిల్ తగ్గింది కానీ మట్టిలోంచి దిగే ఊట నీటిలో సీసం పెరిగింది. ఎందుకు?

జవాబు: ఆ చర్య పీహెచ్ 3 దగ్గర బాగా సాగుతుంది, అంత ఆమ్లంలో సీసం కరిగిపోతుంది. పైగా సీసాన్ని పట్టి ఉంచే సేంద్రియ పదార్థాన్ని పెరాక్సైడ్ కాల్చేస్తుంది. సున్నంతో పీహెచ్‌ను 8, 9 మధ్యకు తెచ్చి ఊట పరీక్ష మళ్లీ చేయండి. 11 దాటనిస్తే సీసం తిరిగి కరగడం మొదలవుతుంది. మట్టిలో క్రోమియం అనే లోహం కూడా ఉంటే అన్నిటికన్నా దానికే భయపడాలి. పెద్దగా కదలని మూడో వేలెన్సీ క్రోమియాన్ని ఆక్సీకరణ మందులు, ముఖ్యంగా పర్మాంగనేట్, ఆరో వేలెన్సీకి మారుస్తాయి. అది నీటితోపాటు పరుగెత్తే క్యాన్సర్ కారకం. మందు వేయకముందూ, వేశాకా దాన్ని విడిగా కొలిపించాల్సిందే. తేలితే ఫెర్రస్ సల్ఫేట్‌తో వెనక్కి మార్చవచ్చు.

ప్రశ్న: సీసానికి ఫాస్ఫేట్ మంచిదంటారు, వేయవచ్చా?

జవాబు: సీసం ఒక్కటే ఉంటే వేయండి, దాదాపు కరగని ఖనిజంగా మారుతుంది. ఆర్సెనిక్ కూడా ఉంటే వద్దు. ఇనుప ఆక్సైడ్లను అంటుకున్న ఆర్సెనిక్‌ను ఫాస్ఫేట్ తోసేసి నీటిలోకి వదులుతుంది.