తేట నీళ్ళలో ఆ మీటరు ఏం వెతుకుతుంది?

నీళ్ళ సంగతులు: పాఠకుల ప్రశ్నలకు ఒక విశ్రాంత వాటర్ ల్యాబ్ కెమిస్టు జవాబులు

ప్రశ్న: మా తమ్ముడు ఫిల్టర్ హౌస్‌లో పనిచేస్తాడు. ఈమధ్య అక్కడ ‘యూవీ 254’ అనే మీటరు పెట్టారట. నీళ్ళ మడ్డిని కొలిచే టర్బిడిటీ మీటరు ఎలాగూ ఉంది, నీళ్ళూ తేటగానే వస్తున్నాయి. మరి ఇదెందుకండీ? మా ఇంటి ప్యూరిఫైయర్‌లోలాగా క్రిముల్ని చంపడానికా?
- ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: చంపడానికి కాదమ్మా, కొలవడానికి. అయితే మీ అనుమానం ఊరికే రాలేదు. చాలా ప్యూరిఫైయర్లలో ఉండే పాదరసపు దీపం వెలుగు కూడా కంటికి కనిపించని అతినీలలోహిత (యూవీ) వెలుగే, తరంగదైర్ఘ్యం దాదాపు 254 నానోమీటర్లే. అక్కడ అది క్రిముల డీఎన్ఏని దెబ్బతీస్తుంది. ఇక్కడ అదే వెలుగును నీళ్ళలోంచి పంపి, అవతలికి ఎంత చేరిందో చూస్తారు.

మధ్యలో దాన్ని మింగేది ప్రధానంగా కుళ్ళిన ఆకులు, గడ్డి, గుర్రపుడెక్కల నుంచి కరిగి వచ్చిన సేంద్రియ పదార్థం. డికాషన్‌ని ఎంత వడగట్టినా రంగు పోదు కదా, అలాగే ఇది కూడా ఇసుక ఫిల్టరుకి చిక్కదు. టర్బిడిటీ మీటరు రేణువుల మీద పడి చెదిరిన వెలుగునే పట్టుకుంటుంది, కరిగినదాని జోలికి పోదు. వరద తీశాక మడ్డి తగ్గిందని పటిక తగ్గించేస్తారు చూడండి, కరిగింది కూడా తగ్గిందో లేదో అప్పుడు ఈ మీటరే చెప్పాలి.

దాంతో మనకేం పని అంటే, క్లోరిన్ వల్ల. ఈ పదార్థంతో క్లోరిన్ కలిస్తే క్లోరోఫామ్ లాంటి ట్రైహాలోమీథేన్లు అనే హానికర రసాయనాలు పుడతాయని 1974లో రోటర్‌డామ్ నీటి సంస్థ కెమిస్టు యోహానెస్ రూక్ చూపించాడు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 క్లోరోఫామ్‌కి లీటరుకు 0.2 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. అలాగని క్లోరిన్ మానేద్దామంటే నేను ఒప్పుకోను. కలరా, టైఫాయిడ్ల ముందు ఇది చిన్న భయం. క్లోరిన్ వేసేలోపే పటికతో ఆ పదార్థాన్ని వీలైనంత తీసేయాలి, అంతే.

పటిక ఎంతవరకు పనిచేస్తుందో కూడా ముందే అంచనా కట్టొచ్చు. ముడినీళ్ళు వెలుగును మింగే రీడింగు సెంటీమీటరు దూరానికి 0.12 అనుకుందాం, అంటే మీటరు దూరానికి 12. కరిగిన సేంద్రియ కార్బన్ లీటరుకు 3 మిల్లీగ్రాములుంటే, 12ని 3తో భాగిస్తే 4. కార్బన్ మిల్లీగ్రాముకు ఎంత యూవీ మింగుతుందో చెప్పే ఈ అంకెను ల్యాబులో ‘సువా’ అంటారు. 4, ఆపైన ఉంటే పటిక బాగా లాగుతుంది. 2 కంటే తక్కువుంటే ఎంత పోసినా పెద్దగా కదలదు, పటిక దండగ.

మీ తమ్ముడికి ఒక మాట. ల్యాబు శాంపిల్‌ని 0.45 మైక్రాన్ ఫిల్టరుతో వడగట్టమనండి, లేకపోతే మడ్డి కూడా లెక్కలో కలిసిపోతుంది. శాంపిల్ పోసే చిన్న గిన్నె, అంటే క్యూవెట్, క్వార్ట్జ్‌దే వాడాలి. మామూలు గాజు ఈ వెలుగును తనే మింగేస్తుంది. లైనులో బిగించిన మీటరైతే, అంకె రోజురోజుకీ మెల్లగా ఎక్కుతుంటే పటిక డోసు ముట్టుకోకముందు సెన్సారు కిటికీ తుడవాలి. జాడీల్లో వేర్వేరు డోసుల పటిక వేసి చూసే జార్ టెస్టు మాత్రం మానొద్దు. మీటరొక్కటే చాలనేవాళ్ళు ఫిల్టర్ హౌస్‌లో ఎప్పుడూ నైట్ డ్యూటీ చేసి ఉండరు.

ప్రశ్న: ఎండాకాలంలో మా సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు నీళ్ళు మట్టివాసన కొడతాయి. యూవీ రీడింగు మాత్రం మామూలుగానే ఉందంటారు. ఎవరి మాట నమ్మాలి?
- ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: మీ ముక్కుని నమ్మండి. నీలి ఆకుపచ్చ నాచు వదిలే జియోస్మిన్ అనే పదార్థం వల్ల ఇలాంటి వాసన వస్తుంది. లీటరుకు పది నానోగ్రాముల దరిదాపుల్లో ఉన్నా మనిషికి తెలిసిపోతుంది. అంత కొంచెం యూవీ మీటరుకి ఆనదు, పైగా దాని అణువు ఈ వెలుగును మింగే రకం కాదు. పటికకీ లొంగదు. యాక్టివేటెడ్ కార్బన్ పొడి వేయాలి, అదీ క్లోరిన్ కంటే ముందు. రెండూ ఒకేచోట వేస్తే కార్బన్ క్లోరిన్‌ని తినేస్తుంది, వాసనా అలాగే ఉంటుంది.